మహారాజశ్రీ మూతి గార్డు గారికి

నా హెల్మెట్‌కు తగిలించుకున్న మహారాజశ్రీ మూతి గార్డు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరు కుశలమే, ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. నా ముక్కు సంగతి తరువాత మనవి చేస్తాను.

నాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతకు వెళితే వచ్చీరాని సవర. సరిహద్దు దాటి పాతపట్నంలో కూరలు కొనుక్కుని, తిరిగి ఒడిశాకు వచ్చి వండుకునే మనిషిని. నాకున్నది 100 సీసీ బండి. దిగుడు రోడ్డు, వెనుక నుంచి గాలి, రెండూ కలిసివస్తే అరవై అందుకుంటుంది. ఇలాంటి వాడికి తమరితో ఏం పని అని అడగవచ్చు. అడగవలసిన సమయంలో ఆ ప్రశ్న నాకు తోచలేదు.

నా మేనల్లుడు బరంపురంలో చదువుతున్నాడు. పోయిన వేసవిలో ఫోనులో ఒక బొమ్మ పంపాడు. తెల్లని హెల్మెట్, దాని మీద ఎరుపు, పసుపు చారలు, నుదుటి మీద ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన రేకు, కింద నోటికి అడ్డంగా తమరు. “మామయ్యా, డెబ్బైల నాటి మోటోక్రాస్ హెల్మెట్ ఇలా ఉండేది. నీ ముఖానికి సరిపోతుంది” అన్నాడు. యాభై ఏళ్లు దాటిన మనిషితో నీ ముఖానికి ఏదో సరిపోతుందని ఎవరైనా అంటే డబ్బు ఖర్చు కాకుండా ఉంటుందా?

తమరి పూర్వచరిత్ర ఘనమైనదే, కాదనను. మోటోక్రాస్ అంటే మట్టి దిబ్బల మీద బండ్ల పందెం. ముందు పోతున్న బండి వెనుక చక్రం, ముళ్ల లాంటి గుబ్బలతో, మట్టినీ రాళ్లనూ చేటతో చెరిగినట్టు వెనుకవాడి ముఖాన పోస్తుంది. అప్పటి హెల్మెట్లు నెత్తినీ చెవులనూ కప్పి, మూతిని దేవుడికి వదిలేసేవి. అందుకే ప్లాస్టిక్‌తో తమరిని చేసి మూతికి కట్టారు. ఐస్ హాకీ సరంజామా చేసే జోఫా అనే స్వీడన్ కంపెనీ ఈ పనిలో పేరు తెచ్చుకుంది. మోటోక్రాస్ రేసర్ రోజర్ డి కోస్టర్ 500 సీసీ పందేల్లో అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన కాలం అది. రాయి తగిలితే పళ్లు రాలకుండా చూడటం తమరి ఉద్యోగం. అంతే. బండి మీద నుంచి పడితే గడ్డాన్ని కాపాడే పని తమరికి అప్పుడూ ఎవరూ అప్పగించలేదు.

ఆ పని చేసేవాడు వేరే ఉన్నాడు. 1968లోనే బెల్ కంపెనీ స్టార్ అనే పేరుతో, గడ్డం దగ్గర డిప్పతో కలిసిపోయిన కమ్మీ ఉన్న హెల్మెట్ తెచ్చింది. ఆ గడ్డం కమ్మీ నెమ్మదిగా మట్టి పందేల్లోకీ వచ్చింది, తమరి ఉద్యోగం ఊడింది. గౌరవంగా పింఛను తీసుకుని అటక మీద ఉండవలసింది. ఫ్యాషన్ పేరు చెప్పి మళ్లీ ఎందుకు దిగారు?

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వాడుకలో లేని భాషను పిల్లల నోటికి కట్టవద్దని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. వందేళ్లు దాటాక అదే ఊళ్లో నేను, ఎవరూ బలవంతం చేయకుండానే, వాడుకలో లేని వస్తువును నా నోటికి నేనే కట్టుకున్నాను. ఆయన సవర భాషకు నిఘంటువు కూర్చగలిగారు గానీ, తమరి వెనుక నుంచి నేను మాట్లాడిన తెలుగును మాత్రం పోల్చుకోలేకపోయేవారు. టీ కొట్టులో పంచదార తక్కువ వేయమంటే రెండు టీలు ఇచ్చారు.

ఇక అసలు బాధ టిచ్ బటన్లది. హెల్మెట్ నుదుటి మీద మూడు ఉన్నాయి. విడిగా కొన్న చూరు రేకుకు అయిదు ఉన్నాయి. నడిమిది పడితే పక్కవి పడవు, పక్కవి లాగి పెడితే నడిమిది ఎగిరి పోతుంది. జాతకాలు కలవని పెళ్లిలా వాటిని ఎలాగో కలిపాను. తమరికైతే దవడల దగ్గర చెరో బటను కావాలి, హెల్మెట్‌కు అక్కడ ఒక్కటీ లేదు. తమరి వెంట వచ్చిన కాగితం మీద ఒక నవ్వు ముఖం, ఒక బాణం గుర్తు తప్ప అక్షరం లేదు.

బజారులో బడి సంచులకు జిప్పులు వేసే ముసలాయన దగ్గరకు తీసుకువెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది రెగ్జిన్ కాదు బాబూ, నా సుత్తికి పగులుతుంది” అని తిరిగి చేతిలో పెట్టాడు. ఈ కథలో తెలివైన మనిషి ఆయన ఒక్కడే. అక్కడి నుంచి గ్రిల్లులు చేసే షాపుకు వెళ్లాను. అతను ఏమీ అడగకుండా డ్రిల్లు ఎత్తాడు, గేటుకు గొళ్లెం పెట్టినంత ఉత్సాహంగా. మరమేకు ఎంత పొడవో చూద్దామని లోపల వేలు పెట్టాను. దాని మొన సరిగ్గా నా దవడకు ఎదురుగా వస్తుంది! హెల్మెట్ పైడిప్ప దెబ్బను నలువైపులా పంచాలి, లోపలి థర్మోకోల్ నలిగి ఆ ఊపును మింగాలి. డిప్పకు చిల్లు పొడిచి, థర్మోకోల్‌లో మేకు దించితే మిగిలేది తల మీద బోర్లించిన మేకుల డబ్బా. వెనుక అతికించిన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే హెల్మెట్ల ప్రమాణం ప్రకారం, పరీక్షకు నిలిచిన హెల్మెట్‌కు ఇచ్చినది. మా గ్రిల్లు షాపు చిల్లుకు కాదు. దండం పెట్టి బయటకు వచ్చాను.

చివరకు అతికించే టిచ్ బటన్లు తెప్పించాను. ఘాటు వాసన వచ్చే జిగురు ప్లాస్టిక్ డిప్పను తినేస్తుందని ఎక్కడో విన్నాను కాబట్టి రెండు వైపులా అంటుకునే టేపు వాడాను. ఆ జాగ్రత్త మంచిదే. మే నెల ఎండలో బండిని ఆఫీసు ముందు నిలిపి, హెల్మెట్‌ను అద్దానికి తగిలించి పోవడం మాత్రం మంచిది కాదు.

ఆ ఆదివారమే గండాహతి జలపాతం చూద్దామని బయలుదేరాను. ముందు కంకర లారీ. నా ఆనందం ఏమని చెప్పను! ఇన్నాళ్లకు తమరికి తగిన శత్రువు దొరికాడని లారీకి దగ్గరగా పోయాను. ఒక్క రాయి కూడా పడలేదు. ఎదురుగాలికి చూరు రేకు పైకి లేచి మెడను వెనక్కు లాగింది, గాగుల్స్ కింద కళ్లజోడుకు ఆవిరి పట్టింది, సరిగ్గా అప్పుడే ఎడమవైపు బటను టేపుతో సహా ఊడింది. సాగి ఉన్న రబ్బరు పట్టీ తమరిని కుడివైపుకు గుంజింది. మధ్యలో నా ముక్కు ఉంది. రాళ్ల నుంచి నన్ను కాపాడతారని తెచ్చుకుంటే, ఆ రోజు నన్ను కొట్టిన వస్తువు తమరొక్కరే.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. హెల్మెట్ 1,800, తమరు 950, గాగుల్స్ 700, చూరు 450, బటన్లూ టేపూ 240. మొత్తం 4,140 రూపాయలు. ఆ డబ్బుకు గడ్డం కమ్మీ ఉన్న మంచి హెల్మెట్ వచ్చి, మిగిలిన దానితో మేనల్లుడికి చెంపదెబ్బతో పాటు ఒక చొక్కా కూడా పెట్టవచ్చు. (ఇప్పుడు కొన్నది అదే. చొక్కా కాదు, హెల్మెట్.)

మా అమ్మ తమరిని మొదటి రోజే గుర్తుపట్టింది. “ఎద్దుకు చిక్కం కట్టినట్టుందిరా” అంది. నేను కోపగించుకున్నాను. నిన్న పక్కింటివాళ్ల దూడ మన్ను తింటుంటే, ఆమె నన్ను అడగకుండానే తమరిని తీసుకుపోయి దాని మూతికి పెట్టి, పట్టీని చెవుల వెనుకగా తిప్పింది. టిచ్ బటను మొదటి నొక్కుకే పడింది.

ఇట్లు,
తమరి పూర్వ యజమాని