పాత కార్డు బాకీకి కొత్త చెల్లు

ప్రోనోటు మీద అప్పులిచ్చే ఊరి షావుకారు ఏం మరిచినా ఒక్క తేదీ మరవడు. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లు నిండేలోపు బాకీదారు గుమ్మంలో వాలతాడు. అసలు అడగడు, వడ్డీ కోసం గొడవ పడడు. నూరో రెండొందలో తీసుకుని, ఆ ముట్టిన సొమ్ముకు నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. ఆ సంతకంతో లెక్క మళ్లీ మొదటికొస్తుంది, ఇంకో మూడేళ్లు ఢోకా లేదు. రాయించుకోలేదా, నోటు మురిగిపోయినట్టే. ఈ సంగతి చదువు రాని రైతుక్కూడా తెలుసు. హైదరాబాద్‌లో మూడు క్రెడిట్ కార్డులు వాడే ఉద్యోగికి మాత్రం చాలాసార్లు తెలియదు. పాత బాకీల వసూలు వ్యాపారం నడిచేది ఈ తెలియకపోవడం మీదే.

ఆ వ్యాపారం ఇలా ఉంటుంది. ఎప్పుడో ఉద్యోగం పోయినప్పుడు ఆగిపోయిన కార్డు బాకీని బ్యాంకు కొన్నాళ్లు అడిగి, మొండి బాకీల పద్దులో వేస్తుంది. తర్వాత అలాంటి ఖాతాలన్నీ మూటగట్టి, అసలు విలువకు బాగా తక్కువకే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి, అంటే మొండి బాకీలు కొని వసూలు చేసుకునే సంస్థకు, అమ్మేస్తుంది. ఏళ్లు గడిచాక, పేరు కూడా వినని కంపెనీ తరఫున ఫోన్ వస్తుంది. ‘‘సార్, మీ మీద కేసు ఫైల్ అవుతోంది. ఇవాళ సాయంత్రంలోపు ఒక్క వెయ్యి రూపాయలు టోకెన్‌గా కట్టండి, మిగతాది సెటిల్‌మెంట్ చేయిస్తాను’’ అంటాడు అవతలి మనిషి. లక్షల బాకీ ఉందంటూ వెయ్యి అడుగుతున్నాడంటే, అతనికి కావలసింది ఆ వెయ్యి ఒక్కటే కాదు.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం తాకట్టు లేని ఇలాంటి బాకీ మీద దావా వేయడానికి సాధారణంగా 3 ఏళ్లే గడువు. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టినా, కొంత కట్టి ఆ చెల్లింపును సంతకంతో నమోదు చేసినా గడియారం మళ్లీ మొదలవుతుంది. గడువు దాటాక వేసిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టేయాలి. అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. మురిగిన బాకీని కూడా కడతానని కొత్తగా రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుబాటయ్యే ఒప్పందం. అంటే టోకెన్ వెయ్యి కంటే, దాని వెనకాలే వచ్చే సెటిల్‌మెంట్ లెటర్ ప్రమాదకరం. ఈమెయిల్‌లో ‘‘కొంచెం టైమివ్వండి, కట్టేస్తాను’’ అని రాసినా దాన్ని రాతపూర్వక అంగీకారంగా చూపించే అవకాశం ఉంది.

అలాగని మూడేళ్లు దాటిందని లెక్కగట్టుకుని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. కొవిడ్ కారణంగా సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేసింది. కాబట్టి 2018, 2019లో ఆగిపోయిన బాకీల లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. మీరు ఖాళీ చేసి వెళ్లిన పాత అద్దింటికి సమన్లు పంపి, బ్యాంకు ఎప్పుడో ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే ఇచ్చిన తీర్పు, తెచ్చుకుని ఉండొచ్చు. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువుంది. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే లాయరును కలవాల్సిందే. పైగా గడువు దాటితే పోయేది కోర్టుకెళ్లే దారే, బాకీ కాదు. అది క్రెడిట్ రిపోర్టులో ఇంకా కనబడుతూ ఉండొచ్చు. కొత్త ఇంటి లోను కావాలనుకునేవాడు బేరమాడి కట్టేసుకోవడమే మేలనుకుంటే అందులో తప్పేమీ లేదు. తెలిసి కట్టడం వేరు, భయపడి కట్టడం వేరు.

భయపెట్టే మాటల్లో ముందుండేది జైలు. కట్టలేకపోవడం నేరం కాదు. డిక్రీ ఉన్నా, కేవలం కట్టే స్తోమత లేదన్న కారణంతో మనిషిని సివిల్ జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. రెండోది లోక్ అదాలత్ నోటీసు. కేసు వేయకముందు పిలిచే ప్రీ లిటిగేషన్ అదాలత్‌కు వెళ్లనంత మాత్రాన మీ మీద డిక్రీ రాదు. వెళ్లి రాజీకి ఒప్పుకుని సంతకం పెడితే మాత్రం అదాలత్ ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, వెళ్లకపోతే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో వెళ్లి సంతకం పెట్టి వస్తున్నారు.

ఫోన్ వచ్చినప్పుడు తగాదా పెట్టుకోవడం దండగ. ‘‘మీరు చెబుతున్న బాకీని నేను అంగీకరించడం లేదు. బాకీ మీకు బదిలీ అయిన పత్రం, ఖాతా స్టేట్‌మెంటు, చివరి చెల్లింపు తేదీ పంపండి’’ అని మెయిల్ పెడితే చాలు. కాగితాలు నిజంగా ఉన్నవాడు పంపుతాడు. లేనివాడి గొంతు పెరుగుతుంది. ఆ కాల్స్ రికార్డు చేసి పెట్టుకోవాలి.

రిజర్వ్ బ్యాంకు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీశాక దేశమంతా ఉలిక్కిపడింది. 2022 ఆగస్టు 12 నాటి సర్క్యులర్‌లో ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కాల్స్ చేయొద్దని, బంధుమిత్రుల జోలికి పోవద్దని, బెదిరించొద్దని ఆర్బీఐ చెప్పింది. ఆ ఆదేశం పునర్నిర్మాణ కంపెనీలకూ వర్తిస్తుంది. కానీ అందులో ఎక్కువగా ఉన్నది వేళ గురించి, మర్యాద గురించే. ఆ బాకీకి వయసెంతో బాకీదారుకు చెప్పాలన్న షరతు లేదు. ఉదయం పదింటికి, ‘‘నమస్కారం సార్’’ అంటూ మొదలుపెట్టి మురిగిన బాకీకి సంతకం పెట్టించుకునే ఏజెంటు ఈ సర్క్యులర్‌ను అక్షరం కూడా మీరినట్టు కాదు.

అమెరికాలో 2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నిబంధన ప్రకారం, గడువు దాటిన బాకీ మీద వసూలుదారు కోర్టుకెళ్లకూడదు, వెళ్తానని బెదిరించకూడదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు ఇంకో అడుగు ముందుకేసి, గడువు దాటిన సంగతి వసూలుదారే బాకీదారుకు రాతపూర్వకంగా తెలపాలన్నాయి. మన దగ్గర కూడా పాత బాకీ మీద పంపే ప్రతి నోటీసులో చివరి చెల్లింపు తేదీ, దావా గడువు ఉందో దాటిందో రాసి తీరాలనాలి. గడువు దాటిన బాకీకి కొత్త సంతకం అడిగితే, ఆ సంతకంతో ఏమవుతుందో అదే కాగితం మీద తెలుగులో ఉండాలి. బాకీలు కొనే కంపెనీలు దీనికి ఒప్పుకోవు, వాటి లాభమంతా అక్కడే ఉంది మరి. దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, ఫోన్ వేళలు నిర్ణయించినట్టే ఇంకో సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.