ఉద్దానంలో ఎకరం ముప్పై సెంట్లు

(టెక్కలిలో ఒక ఇంటి అరుగు. పైడమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఆవిడ మొగుడు బతికున్నన్నాళ్ళూ దస్తావేజులు రాసేవాడు. తమ్ముడు సింహాచలం హుషారుగా వచ్చాడు.)

సింహాచలం: అప్పా, ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు తోట ఖాయం చేసేశాను. ఎకరం ముప్పై సెంట్లు. జీడి, కొబ్బరి. రేపే అడ్వాన్సు.

పైడమ్మ: మొన్న సీతంపేట అన్నావు?

సింహాచలం: దాన్ని నువ్వే కదా చెడగొట్టావు.

పైడమ్మ: నేను కాదురా, 1/70 చట్టం చెడగొట్టింది. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళ పేరున భూమి రాయించుకోవడం కుదరదని ఊరందరికీ తెలుసు. మీ బ్రోకరుకే తెలీదు.

సింహాచలం: ఇది సముద్రం వైపులే. ఏం గాలి అప్పా!

పైడమ్మ: ఆ గాలే 2018లో తిత్లీ తుఫాను అయి వచ్చింది. చెట్లు ఎన్ని మిగిలాయి?

సింహాచలం: మిగిలినవి మిగిలాయి. పడిపోయినవాటికి పరిహారం వచ్చిందట.

పైడమ్మ: ఎవరికి?

సింహాచలం: ఏటి?

పైడమ్మ: పరిహారంరా. ఎవరి పేరున వచ్చింది? అమ్మేవాడి పేరునా, సాగు చేసేవాడి పేరునా?

సింహాచలం: సాగంటే... అక్కడొక కాపలావాడున్నాడు. మంచోడు. నాకు బొండాం కొట్టి ఇచ్చాడు.

పైడమ్మ: జీతమెంత?

సింహాచలం: జీతం లేదట. కాపులో సగం తీసుకుంటాడట.

పైడమ్మ: కాపలావాడు కాదు నాయనా, కౌలుదారు! అడంగల్‌లో, అదే ఊరి సాగు లెక్కలో, పట్టాదారు పేరు ఒకచోట, సాగు చేసే అనుభవదారు పేరు ఒకచోట ఉంటాయి. ఆ రెండోది చదివావా?

సింహాచలం: భూమి ఎవరి పేరున ఉందో చెప్పే 1-బి జిరాక్సు జేబులోనే ఉంది! బ్రోకరే ఇచ్చాడు.

పైడమ్మ: పెళ్ళికొడుకు గుణం వాడి మేనమామని అడిగినట్టుంది. సర్కారు వారి మీభూమి వెబ్‌సైట్‌లో నువ్వే తీయించు.

సింహాచలం: రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అదే తాకట్లూ అమ్మకాలూ చూపించే కాగితం, తీయించానమ్మా. అప్పులేం లేవు.

పైడమ్మ: ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. పాస్‌బుక్కు పెట్టి తెచ్చిన పంట రుణం అందులో కనపడకపోవచ్చు. బ్యాంకుకెళ్ళి అడగాలి. ఇంతకీ సర్కారు ఇచ్చిన డి-పట్టాయా, సొంత హక్కున్న జిరాయితీయా?

సింహాచలం: జిరాయితీ. తాతల నాటిది. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ జాబితాలో కూడా లేదు. చూశాను.

పైడమ్మ: హమ్మయ్య, ఒక్కటి చూశావు. తాతల నాటిదైతే సంతకాలెవరు పెడతారు?

సింహాచలం: ఇద్దరన్నదమ్ములూ.

పైడమ్మ: ఆడపిల్లలు?

సింహాచలం: ఒక్కతే. బరంపురం ఇచ్చారు. కట్నం అప్పుడే ఇచ్చేశారు కదా.

పైడమ్మ: కట్నమిస్తే వాటా చెల్లిపోతుందని ఎవడు చెప్పాడు? తాతల ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమని 2005లో చట్టమే మార్చారు.

సింహాచలం: ఆవిడేం అడగదులే అప్పా. అన్నదమ్ములంటే ప్రాణమట.

పైడమ్మ: మంచిదే. ఆ ప్రాణంతోనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళమను. సరే గానీ, నీకు డబ్బెక్కడిది?

సింహాచలం: నందిగాంలో నాన్న పొలం ఉంది కదా. బేరం కుదిరింది.

పైడమ్మ: సంతకం ఎవరు?

సింహాచలం: నేనే.

పైడమ్మ: ఇంకా?

(సింహాచలం అరుగు మీద కూలబడ్డాడు.)

పైడమ్మ: నాన్న వీలునామా రాయకుండా పోయాడు. నాకిచ్చిన కట్నం ఒక ఆవు. అది కూడా తాడు తెంపుకుని మీ ఇంటికే వచ్చేసింది.

సింహాచలం: నువ్వేం అడగవనుకున్నాను.

పైడమ్మ: ఎందుకడుగుతాను? తమ్ముడంటే ప్రాణం కదా.

సింహాచలం: సరే, ఏం కావాలో చెప్పు.

పైడమ్మ: కొత్త తోట కాగితంలో నా పేరు కూడా రాయించు. ముందు ఊరి సర్వేయరు చేత గట్లు కొలిపించు. కౌలుదారుతో మాట్లాడు, ఒప్పుకుంటే కాగితం రాయించు. తోటలోకి దారి ఉందా?

సింహాచలం: పక్కవాడి తోటలోంచే. చాలా మంచోడు.

పైడమ్మ: వాడి మంచితనం వాడి కొడుక్కి రావాలని రూలేం లేదు. దారి హక్కు వాడి చేత రాయించి రిజిస్టరు చేయించు.

సింహాచలం: నీ పేరు పెడితే రోజూ వచ్చి కూర్చుంటావు.

పైడమ్మ: రోజూ ఎందుకొస్తాను? కాపుకొస్తాను.

(సింహాచలం నిట్టూర్చి ఫోన్ తీశాడు.)

సింహాచలం: హలో, రేపు అడ్వాన్సు ఇవ్వడం కుదరదండీ. కాగితాలు చూడాలి... నాకు కాదండీ, మా అప్పకి... అవునండీ, దస్తావేజులు రాసే ఆయన భార్యే... హలో? హలో?