డ్యాము దగ్గర పార్కు ప్లాను ఎవరు గీయాలి?

నెల్లూరు జిల్లా సోమశిల దగ్గర పంప్డ్ స్టోరేజీ (కింది నీళ్ళను కొండ మీదికి ఎక్కించి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు ప్రతిపాదన ఉందనగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట పార్కు, బోటింగు. రానివ్వండి, మంచిదే. నా గొడవల్లా ఆ ప్లాను గీసేదెవరన్నదే. తోటల కాంట్రాక్టరు ఒక్కడే గీస్తే డ్యాముకూ చేటు, వచ్చే జనానికీ చేటు.

ముందు చెట్లు. కండలేరు కట్టనే చూడండి, దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట. అలాంటి కట్ట మీద పచ్చదనం పేరుతో వేప, రావి నాటితే అసలు ప్రమాదం ఆ చెట్టు చచ్చాక మొదలవుతుంది. వేరు కుళ్ళి బొరియ మిగులుతుంది. ఊటనీరు ఆ దారి పట్టుకుని మన్నును కొంచెం కొంచెంగా లాక్కుపోతుంది. తుఫాను గాలికి చెట్టు పెళ్ళగిలితే కట్టలో గుంతే. పొదలు మూసేస్తే ఊట మచ్చ కంటికి ఆనదు. కట్టకు కావాల్సింది గరిక, అదీ పొట్టిగా కోసిన గరిక.

చెట్లు కట్ట అడుగుకు యాభై అడుగుల అవతలే పెట్టండి. కానుగ, నేరేడు, తెల్లమద్ది చాలు, కోనోకార్పస్ జోలికి పోవద్దు. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి. రెండడుగుల గుంతలు ముందే తీసి సెప్టెంబరు ఆఖర్న నాటాలి. జూన్‌లో నాటి ఫొటోలు దిగితే ఆగస్టు లోపే మాడిపోతాయి.

ఇక చెత్త. పంప్డ్ స్టోరేజీలో కింది జలాశయం ఒడ్డున ఉండే నీటి ముఖం, అంటే నీళ్ళు లోపలికి పోయే, బయటికి వచ్చే ద్వారం, ఒక్కటే, పని రెండు. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పీల్చి కొండ మీదికి పంపుతుంది. సాయంత్రం కరెంటు అవసరం పెరగగానే అదే ముఖం నుంచి నీళ్ళు ఉరుకుతాయి.

పార్కులో పారేసిన ప్లాస్టిక్ కవరు నాని, సగం మునిగి, వచ్చి ఆ ముఖానికి అడ్డంగా ఉండే చెత్త జాలి ఇనుప బద్దీల మీద పరుచుకుంటుంది. లాగే నీరే దాన్ని అక్కడ అంటించి పెడుతుంది. దాని మీద గుర్రపుడెక్క వేళ్ళు, ఆపైన పాత చీర. జాలికి ముందూ వెనకా నీటి మట్టాల్లో తేడా పెరుగుతుంది, పంపు అదురుతుంది, అవే నీళ్ళు ఎక్కించడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. ముదిరితే బద్దీలు వంగుతాయి. ముఖానికి ముందే డ్రమ్ముల వరస కట్టి, కింద మీటరు లోతు వల వేలాడదీయాలి. వల పెట్టామని వదిలేస్తే సరిపోదు, వారం వారం ఎత్తి శుభ్రం చేసే మనిషి ఉండాలి.

అన్నిటికన్నా నా భయం సాయంత్రం ఆరు గంటలదే. పిల్లలు నీళ్ళలో దిగే వేళా, టర్బైన్లు తిరిగే వేళా ఒకటే. సోమశిలంత పెద్ద జలాశయంలో మట్టం అంతగా కదలదు, అందుకే జనం ధీమాగా దిగుతారు. ఆ ముఖం దగ్గర మాత్రం నిలకడ నీరు నిమిషాల్లో ప్రవాహమవుతుంది. కొండ మీది చిన్న జలాశయంలో అయితే మట్టమే గంటల్లో మీటర్ల కొద్దీ మారుతుంది. అక్కడికి సందర్శకులను అసలు పంపొద్దు. కింద స్నానఘట్టం, బోటు జెట్టీ ఆ ముఖానికి దూరంగా, కంచె అవతల కట్టండి. టర్బైన్ తిప్పే ముందు మోగే సైరన్ పార్కు చివరి బెంచీ దాకా వినపడాలి. తెలుగులో హెచ్చరిక కూడా చెప్పాలి, ఒట్టి కూత దేనికో కొత్తవాళ్ళకు తెలియదు.

ఒప్పందం రాసేనాడే ఈ పార్కు నిర్వహణ ఖర్చును ప్లాంటు ఏటా పెట్టే ఖర్చులో కలపండి. కరెంటు ఉత్పత్తి చూసే ఇంజనీరు, డ్యాము భద్రత చూసే ఇంజనీరు ఇద్దరూ సంతకం పెట్టాకే మొదటి గుంత తవ్వండి.