ర్యాంపులు కట్టేస్తే స్ఫూర్తి ఏమైపోవాలి?

"కాళ్లూ చేతులూ లేనివాళ్లే పతకాలు కొడుతున్నారు, అన్నీ ఉన్న నీకేం రోగం?"

విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ చదివిన ఏ కుర్రాడూ ఈ మాట పడకుండా బయటపడి ఉండడు. మన ప్రాంతం నుంచి బయటికి వెళ్లే సరుకు ముఖ్యంగా రెండు రకాలు: మిర్చి, ర్యాంకులు. మిర్చికి నీళ్లూ ఎరువులూ కావాలి. ర్యాంకులకి స్ఫూర్తి కావాలి. అది ఊరికే రాదు. ఎవరికో ఒకరికి కాలో చెయ్యో లేకపోవాలి, వాళ్ల దారికి నాలుగు మెట్లు అడ్డం ఉండాలి, వాళ్లు వాటిని పాకుతూ ఎక్కాలి, మనం అది ఫోన్లో చూసి, కళ్లు తుడుచుకుని, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇప్పుడు ప్రమాదంలో పడింది. కారణం, పారాలింపిక్స్, అంటే దివ్యాంగుల ఒలింపిక్స్, అంతకంతకూ పెరిగిపోవడం. ఎవరికీ పట్టినట్టు లేదు కాబట్టి బాధ్యత గల పౌరుడిగా, ఒక వాకర్స్ క్లబ్ కార్యవర్గ సభ్యుడిగా నేనే కలం పట్టాల్సి వచ్చింది.

మొదట్లో అంతా పద్ధతిగానే ఉండేది. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, అదే ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఒక విలువిద్య పోటీ పెట్టాడు. నాజీల జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదు డాక్టరాయన. పోటీ చేసింది యుద్ధంలో దెబ్బతిని చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మంది, అందులో ఇద్దరు ఆడవాళ్లు. అంతకుముందు వెన్ను విరిగిన పేషంటంటే మంచం మీదే పుండ్లు పడి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, కొన్నాళ్లకి పోవడమే. ఈయన రెండు గంటలకోసారి వాళ్లని అటూ ఇటూ తిప్పించి బతికించాడు. బతికించినవాడు ఊరుకోవచ్చుగా, ఆటలు కూడా పెట్టాడు. అయినా ఫరవాలేదు. ఆసుపత్రి, పేషంట్లు, పక్కన నర్సులు... చూసేవాడి గుండె కరగడానికి కావాల్సినవన్నీ అక్కడే ఉండేవి.

1952లో హాలండ్ నుంచి జట్టు రావడంతో వ్యవహారం చెడింది. 1960లో రోమ్‌కి 23 దేశాల నుంచి 400 మంది వచ్చారు. 1988లో సియోల్‌వాళ్లు ఒలింపిక్స్ జరిగిన స్టేడియంలే వీళ్లకీ ఇచ్చేశారు. 2001లో ఒప్పందమే రాసుకున్నారు, ఒలింపిక్స్ జరిపే ఊరే పారాలింపిక్స్ కూడా జరపాలని. 2012లో లండన్‌లో ఏకంగా 27 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోయాయి. అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఊరికే చూసేవాడు జాలిపడతాడు. డబ్బులు పెట్టి కొన్నవాడు ఆట చూస్తాడు, బాగా ఆడకపోతే విసుక్కుంటాడు. 2024 పారిస్‌కి వచ్చేసరికి 22 క్రీడలు, 549 పోటీలు, సుమారు 4,400 మంది ఆటగాళ్లు. స్పాన్సర్లు, డోపింగ్ పరీక్షలు, అప్పీళ్లు. అంపైర్‌తో గొడవలు కూడానట. వీళ్లకీ మామూలు ఆటగాళ్లకీ ఇంక తేడా ఏముంది?

మన దేశం మాత్రం ఈ విషయంలో చాలాకాలం నిగ్రహం పాటించింది. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం తెచ్చాడు. పారాలింపిక్స్‌లో భారత్‌కి అదే మొదటి స్వర్ణం. పద్మశ్రీ 2018లో ఇచ్చారు, అర్జున 2025లో. ఆవకాయ మూడు రోజులు ఊరితే కలుపుకుని తినేస్తాం గానీ, పేట్కర్ గారిని 46 ఏళ్లు ఊరబెట్టాం. ఆ తర్వాతివాళ్లకి ఈ ఓపిక లేదు. 2012లో మనకొచ్చింది ఒక్క పతకం, 2016లో 4, టోక్యోలో 19, పారిస్‌లో 29. అదే పారిస్‌లో నెల ముందు జరిగిన ఒలింపిక్స్‌లో మనవి 6.

ఈ లెక్క మా క్లబ్‌లో చర్చకొచ్చింది. నాలుగు రౌండ్లు కొట్టాల్సినవాడు రెండు కొట్టి బెంచీ మీద కూలబడ్డ ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు, "అక్కడ కాంపిటీషన్ తక్కువ ఉంటుంది లెండి" అని తేల్చేశారు. మోకాళ్ల నొప్పులు లేకపోతే ఆయన కూడా రెండు తెచ్చేవారే.

1980లో మాస్కోలో ఒలింపిక్స్ ఘనంగా జరిపిన సోవియట్ ప్రభుత్వం పారాలింపిక్స్ మాత్రం మాకొద్దంది. తమ దేశంలో అలాంటివాళ్లే లేనట్టు వ్యవహరించింది. పోటీలు హాలండ్‌లోని ఆర్నెమ్‌కి పోయాయి. బెజవాడ ఒకప్పుడు ఎర్రజెండాల ఊరు కదా, రష్యా నుంచి విప్లవం రాలేదు గానీ ఈ సూత్రం మాత్రం చెక్కుచెదరకుండా దిగింది. ఏ ఆఫీసుకైనా వెళ్లి "ర్యాంపు లేదేమండీ?" అని అడగండి. "ఎందుకండీ, ఆ కుర్చీలవాళ్లు ఎవరూ ఇటు రారుగా" అంటారు. నిజమే, రారు. ర్యాంపు లేదు కాబట్టి రారు, రారు కాబట్టి ర్యాంపు లేదు. పైసా ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి నడిచే పథకం ఇంకోటి నాకు తెలీదు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని చెడగొట్టబోయింది. జనం వచ్చిపోయే భవనాలన్నీ ఐదేళ్లలో అందరికీ వీలుగా మార్చాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022లో వెళ్లిపోయింది, భవనాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం తొందరపడి కట్టారు. లెక్క ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవున ర్యాంపు ఉండాలి. నేను చూసిన ఒక ఆఫీసులో మూడడుగుల అరుగుకి ఆరడుగుల్లో సరిపెట్టేశాడు కాంట్రాక్టరు. దాని మీద నున్నటి టైల్స్. పై చివర డీజిల్ జనరేటరు, కింది చివర మూడు స్కూటీలు. చక్రాల కుర్చీ బొమ్మ వేసిన నీలం బోర్డు మాత్రం రంగు వెలవకుండా అలాగే ఉంది, దాని దాకా ఎవరూ వెళ్లలేరు కాబట్టి. శీతాకాల పారాలింపిక్స్ అని 1976లో స్వీడన్‌లో మొదలయ్యాయి, వాటిలో మంచుకొండల మీంచి జారే పోటీ ఒకటుంది. మంచు పడని ఊళ్లో దానికి ప్రాక్టీసు ఎలాగా అని బాధపడేవాళ్లు ఉంటే అడ్రసు ఇస్తాను.

ఇక వర్గీకరణ సంగతి. పారాలింపిక్స్‌లో పది రకాల లోపాలకి చోటుంది. ఎవరికి ఏది ఎంతవరకు పనిచేస్తుందో చూసి, సరిజోడుగా ఉన్నవాళ్లని ఒకచోట చేర్చి, ఎఫ్46 అనో టీ20 అనో పేరు పెడతారు. (టీ20 అంటే క్రికెట్ కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్న రన్నర్ల విభాగం.) మన దగ్గర ఇంత తతంగం లేదు. స్లాటు బుక్ చేసుకుని, సదరం క్యాంపుకి పోయి, పొద్దుటి నుంచి కూర్చుంటే డాక్టరు గారు ఒక శాతం వేస్తారు. 40 వస్తే దివ్యాంగుడు. 39 వస్తే భేషుగ్గా నడవగలడని అర్థం, నడవలేకపోయినా సరే. కొన్నాళ్లకి పునఃపరిశీలన అంటే మళ్లీ వెళ్లి చూపించుకోవాలి. ఈలోగా కాలు మొలిచి ఉండొచ్చు కదా.

అనుమానించడం తప్పంటారేమో. 2000లో సిడ్నీలో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచింది. తీరా చూస్తే 12 మందిలో 10 మందికి ఏ లోపమూ లేదు. జట్టులో దొంగతనంగా చేరిన ఒక విలేకరే గుట్టు బయటపెట్టాడు. పతకాలు వెనక్కిచ్చేశారు. కథ అక్కడితో అయిపోలేదు. ప్రపంచం మొత్తం మీద ఆ వైకల్యం ఉన్న ఆటగాళ్లందరినీ పక్కన పెట్టేశారు, 2012 దాకా వాళ్లకి పతకాల పోటీల్లేవు. మోసం చేసింది పదిమంది, శిక్ష పడింది వాళ్ల మొహం కూడా చూడనివాళ్లకి. దొంగ పింఛను తీసుకున్న నలుగురి కోసం నిజంగా కదల్లేని నాలుగొందల మందిని క్యూలో కూర్చోబెట్టడం మనకి బాగా అలవాటే గనుక, ఇందులో వింత ఏమీ కనిపించకూడదు.

ఆ తలుపు 2012లో తెరుచుకోబట్టే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి ట్రాక్ మీదికి రాగలిగింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. పారిస్‌లో 55.82 సెకన్లకి కాంస్యం. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లని ఎన్నెన్ని మాటలన్నారో తల్లిదండ్రులే చెప్పుకున్నారు. పతకం వచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, 500 గజాల స్థలం ప్రకటించింది. ఇచ్చినందుకు తప్పుబట్టడం లేదు. మొదటి ఇరవై ఏళ్ల ఖర్చు అమ్మానాన్నలది, ఆఖరి యాభై అయిదు సెకన్లది ప్రభుత్వానిది, అంతే.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది శీతల్ దేవి. జమ్మూ కాశ్మీర్ అమ్మాయి, చేతులు లేకుండా పుట్టింది. కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి బాణం వదులుతుంది. 17 ఏళ్లకే పారిస్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. మన కాలేజీల గోడలకి ఇంతకన్నా ఏం కావాలి? ఒక జూనియర్ కాలేజీ అడ్మిషన్ గదిలో ఆమె ఫొటో నిలువెత్తున పెట్టారు, కింద "సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదు" అని. ఆ ఫొటో కిందే కూర్చున్నాయన, కాలికి క్యాలిపర్ ఉన్న కొడుకుని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడతో మాట్లాడుతున్నారు.

"మార్కులు బాగున్నాయమ్మా. కానీ క్లాసులు నాలుగో ఫ్లోర్లో. లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమే. బాబు ఇబ్బంది పడతాడని చెప్తున్నా, మరోలా అనుకోకండి."

"కింద సెక్షన్ ఏమన్నా ఉంటే అందులో..."

"కింద ఏసీ బ్యాచ్ అమ్మా. ఫీజు తేడా ఉంటది."

ఆవిడ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. కుర్రాడు ఫొటో వంక ఓసారి, మెట్ల వంక ఓసారి చూసి "పదమ్మా" అన్నాడు. ఆయన చేసిందాంట్లో తప్పేముంది? గోడ మీద ఉన్నంతసేపూ స్ఫూర్తి బాగానే ఉంటుంది, ఫారం నింపుకుని ఎదురుగా నిలబడితేనే చిక్కు.

అయినా ఆ శీతల్ ఊరుకుందా? 2025లో అన్ని అవయవాలూ ఉన్న ఆర్చర్లతో సెలక్షన్‌లో పోటీపడి భారత జూనియర్ జట్టులో చోటు సంపాదించింది. మా పని ఎంత కష్టమైపోయిందో ఆలోచించండి. ఇప్పుడు "ఆ అమ్మాయిని చూడు, నీకేం రోగం?" అని ఎవరినన్నా తిడితే, "ఆ అమ్మాయి నాకన్నా బాగా వేస్తుంది సార్" అంటాడు. దానికి మన దగ్గర జవాబు లేదు.

ఊరట కలిగించే సంగతులు లేకపోలేదు. 2025లో ఢిల్లీలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ జరిగాయి, వందకు పైగా దేశాలు వచ్చాయి, మనవాళ్లు 22 పతకాలు గెలిచారు. వాటిలో ఒక్క విజేత పేరు చెప్పమని మా క్లబ్‌లో అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. స్టేడియంలో వీధికుక్కలు కెన్యా కోచ్‌నీ జపాన్ కోచ్‌నీ కరిచిన సంగతి మాత్రం అందరికీ తెలుసు. అంత దూరం ఎందుకు, అంధుల క్రికెట్‌లో భారత్‌కి కెప్టెన్‌గా ప్రపంచకప్ తెచ్చి, అర్జున అందుకున్న ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి మన గురజాలవాడు. లోపల గోళీలు గలగలలాడే బంతి చప్పుడు విని బ్యాటు ఊపుతాడు. ఐపీఎల్ వేలంలో ఎవడు ఎన్ని కోట్లు పలికాడో రూపాయితో సహా చెప్పే బ్రాడీపేట కుర్రాళ్లని ఈయన పేరు అడిగి చూడండి.

ఇక మా వంతు సేవ. డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం కదా, కిందటేడు మా క్లబ్ ఒక జావెలిన్ కుర్రాణ్ణి సన్మానించింది. స్టేజికి ఏడు మెట్లు. నలుగురు వాలంటీర్లు కుర్చీతో సహా ఎత్తారు. పైకి చేరేసరికి ఫొటోగ్రాఫరు, "సార్, చీఫ్ గెస్ట్ గారి ఫేస్ పడలా, ఇంకోసారి ఎత్తుదాం" అన్నాడు. దించి మళ్లీ ఎత్తారు. శాలువా అంచు చక్రం ఊచల్లో చుట్టుకుంది, దాన్ని లాగడానికి ఇద్దరు వంగారు, ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. చీఫ్ గెస్ట్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు, కుర్రాడి పేరు రెండుసార్లు తీసుకున్నారు, రెండు రకాలుగా. ఆఖర్న మైకు కుర్రాడికి ఇస్తే, "టాయిలెట్ ఎటువైపండీ?" అన్నాడు. అది ఇంకో పది మెట్ల కింద ఉంది.

ఈ ఏడు కూడా అతన్నే పిలుద్దామని ఫోన్ చేశాం. "స్టేజికి ర్యాంపు పెడుతున్నారా అంకుల్? లేకపోతే నేను కిందే ఉంటాను, మీరే దిగి రండి" అన్నాడు. చీఫ్ గెస్ట్ గారు దిగడమా! పైగా ఆ రోజు ప్రాక్టీసు ఉందిట, కోచ్ గారు పంపరట. ఇంట్లో శాలువాలు పద్నాలుగు ఉన్నాయట, వాటి బదులు కూర్చుని విసిరే ఫ్రేముకి రెండు బెల్టులు కొనిపెడితే మేలట. సన్మానం అంటే ఏమిటో తెలియని తరం. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, టిఫిన్ అయ్యాక, చీఫ్ గెస్ట్ గారికే రెండు శాలువాలు కప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫ్లెక్సీ అప్పటికే ప్రింటయి బెంజి సర్కిల్ దగ్గర కట్టేశారు కాబట్టి దాన్ని మార్చడం లేదు. కుర్రాడి ఫొటో ఉంది అందులో, కుడివైపు కింద, చీఫ్ గెస్ట్ గారి మోచేతి పక్కన.