వెల కట్టిన వేళ

మా పెదనాన్నగారి అటక మీది పాత సామాన్లలోంచి ఒక గుడ్డ సంచీ, అందులోంచి రెండు ముక్కల ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్డు, అంటే చేపలు పట్టే గాలం కర్ర, బయటపడినప్పుడు, దానికి వెల కట్టే బాధ్యతను ఆయన బావమరిది పిలవకుండానే వచ్చి స్వీకరించారు.

బావమరిదిగారి పాండిత్యాన్ని శంకించనవసరం లేదు. 1940ల చివర్లో షేక్‌స్పియర్ కంపెనీ వండర్‌రాడ్ తెచ్చింది మొదలు, 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ రాడ్డు దించి ఫైబర్‌గ్లాస్ వైభవానికి మంగళం పాడటం దాకా ఆయన ఏకరువు పెట్టగలరు. పాతదైనంత మాత్రాన విలువైనది కాదనీ, ఇటువంటివి ఆ రోజుల్లో లెక్కకు మించి తయారయ్యాయి గనుక చాలావాటికి నేటికీ పెద్ద ధర పలకదనీ, పేరున్న రాడ్డు చెక్కుచెదరకుండా దొరికితే మాత్రం సేకరించేవాళ్లు ఎగబడతారనీ ఆయన వివరిస్తుండగా, పెదనాన్నగారు మొదటి రెండు మాటలూ వదిలేసి మూడోదాన్ని గట్టిగా పట్టుకున్నారు.

కార్క్ పిడికి కాస్త పైన, మురికి కింద, ఫెన్విక్ అన్న పేరూ 806 అన్న అంకే లీలగా కనిపించాయి. ఎనిమిది అడుగుల పొడవు, ఆరో నంబరు లైను (గాలపు దారం) అని దానికర్థం. లైన్లకు ఈ నంబర్లు 1961లో వచ్చాయి కాబట్టి, అంతకుముందువాటి మీద హెచ్‌డీహెచ్ వంటి అక్షరాలు ఉండేవి కాబట్టి, రాడ్డు వయసు కూడా ఆ అంకెతోనే కొంత తేలింది. బావమరిదిగారు రెండు ముక్కలనూ పక్కపక్కన నిలబెట్టి కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. కొన విరిగిన రాడ్డుకు విరిగినచోటే కొత్త వలయం అతికించి అమ్మేవాళ్లుంటారనీ, పై ముక్క పొట్టిగా ఉందంటే దొంగ దొరికినట్టేననీ చెప్పి, ఈ రాడ్డు నిష్కళంకమని తీర్పునిచ్చారు. పెదనాన్నగారు ఆ క్షణాన ఆయనకు రెండోసారి కాఫీ తెప్పించారు.

పరీక్ష అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. రాత స్పష్టంగా కనబడితే ధర పెరుగుతుందన్న సదుద్దేశంతో, బావమరిదిగారు గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి మురికిని రుద్దారు. మురికి పోయింది. వెంట ఫెన్విక్ పోయింది, 806 పోయింది, ఆ మేర వార్నిష్ కూడా పోయింది. పెదనాన్నగారి ముఖంలోని రంగు మాత్రం ఏ ద్రవమూ లేకుండానే పోయింది. మరో దూదితో గైడ్ల (లైను దూరి వెళ్లే వలయాల) లోపలి అంచులు తడిమి, లైను రాపిడికి గాట్లు పడలేదని, పోగు కూడా చిక్కుకోలేదని ఆయన ఓదార్చారు గానీ, ఆ ఇంట్లో అప్పటికి దూదిని నమ్మేవాళ్లెవరూ మిగల్లేదు.

ఫైబర్‌గ్లాస్ రాడ్డు గొప్పదనం రాతలో లేదు, వంపులో ఉంది అంటూ బావమరిదిగారు లేచి ముక్కలు రెండూ తగిలించారు. గ్రాఫైట్ కన్నా నిదానంగా, పిడి దాకా జాలువారే ఆ వంపును ఊపి చూస్తేనే గాని గ్రహించలేమన్నది నిజమే. కానీ ఎనిమిది అడుగుల రాడ్డును హాలు నడుమ నిలబడి వెనక్కి విసిరేవారు, పైన ఫ్యాను తిరుగుతోందా అన్నది కూడా గ్రహించాలి. టప్పుమన్న చప్పుడుతో కొనలోని మూడంగుళాల ముక్క పుస్తకాల బీరువా వెనక్కి అంతర్ధానమైంది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెదనాన్నగారు టేపు తీసి, పై ముక్కనూ కింది ముక్కనూ మళ్లీ పక్కపక్కన పెట్టి, బావమరిది చెప్పిన సూత్రాన్నే శ్రద్ధగా వల్లెవేసుకున్నారు.

“ఏమోయ్, రెండు ముక్కలూ సమానంగా ఉండాలన్నావు కదా. కింది ముక్కలోనూ మూడంగుళాలు కోసేస్తే సరి.”

“అలా ఎలా కుదురుతుంది బావగారూ? అప్పుడిది ఏడున్నర అడుగులే అవుతుంది. రాడ్డు మీద ఎనిమిదని రాసి ఉంటుందే!”

“ఏదీ, ఎక్కడ రాసి ఉందో చూపించు,” అన్నారు పెదనాన్నగారు.