ఐన్‌స్టీన్‌కి ఆటిజం, బుజ్జిగాడికి వసకొమ్ము

చచ్చినవాడి కళ్లు చారెడు అన్నారు. ఆ చారెడు కళ్లతో ఆయన బతికుండగా ఎదుటివాడి మొహంలోకి సూటిగా చూసేవాడా, నేలచూపులు చూసేవాడా అని తేల్చి, పోయిన మేధావికి ఆటిజం అంటగట్టే శాస్త్రం ఒకటి ఈ పాతికేళ్లలో బాగా అభివృద్ధి చెందింది. దీనికి క్లినిక్కు అక్కర్లేదు, ఓపీ చీటీ అక్కర్లేదు, పరీక్షించాల్సిన మనిషి అసలే అక్కర్లేదు. మనిషి ఉంటే సమాధానాలు చెబుతాడు. అక్కడే పని చెడుతుంది.

ముడిసరుకు కొంచెమే. ఒక మేధావి, ఆయన జీవితచరిత్రలోంచి ఏరుకున్న మూడు వింత అలవాట్లు, పైన చల్లడానికి ‘బహుశా’ చిటికెడు. మేధావి పోయినవాడైతే శ్రేష్ఠం. బతికున్నవాళ్లతో ఏమవుతుందో అమెరికాలో ఒకసారి తెలిసొచ్చింది. 1964లో ఫ్యాక్ట్ అనే పత్రిక 12,356 మంది సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసి, అధ్యక్ష పదవికి నిలబడ్డ బారీ గోల్డ్‌వాటర్ మానసికంగా అందుకు తగునా అని అడిగింది. 1,189 మంది కూర్చున్నచోటునుంచే తగడు పొమ్మన్నారు. ఆయన కోర్టుకెక్కి 75,000 డాలర్లు రాబట్టాడు. 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం, నువ్వు పరీక్షించని మనిషి గురించి అభిప్రాయం చెప్పకు అని నియమం పెట్టుకుంది. న్యూటన్‌తో ఈ తంటా లేదు. 1727లో పోయినాయన దావా వెయ్యడు.

ఇక విధానం. ఇందులో వరస ముఖ్యం. ముందు ప్రతిభను పట్టుకోవాలి, ఆ తర్వాతే లక్షణాల కోసం వెతకాలి. వరస తప్పి లక్షణాలతో మొదలుపెడితే, రోజూ ఒకే దారిన నడిచి, ఒకే కూర తిని, పలకరిస్తే తల తిప్పుకునే తాసిల్దారు ఆఫీసు గుమాస్తా తగులుతాడు. ఆయన సాపేక్ష సిద్ధాంతం కనిపెట్టలేదు కనక ఆయనది స్పెక్ట్రం (అంటే ఆటిజమే) కాదు, పొగరు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీటింగులో ఎవరిమీద పడితే వాళ్లమీద అరిచే పెద్దసారుది మాత్రం పొగరు కాదు, స్పెక్ట్రం. జీతం అంకెల్ని బట్టి లక్షణం పేరు మారుతుంది.

ఈ వరసలోనే 2003లో కేంబ్రిడ్జ్ ఆటిజం పరిశోధకుడు సైమన్ బారన్-కోహెన్, ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త అయోన్ జేమ్స్ కలిసి న్యూటన్‌కీ ఐన్‌స్టీన్‌కీ ఆస్పర్జర్స్ (ఆటిజంలో ఒక రకానికి అప్పటి పేరు) ఉండి ఉండవచ్చన్నారు. ఆ ‘ఉండవచ్చు’ వాట్సాప్ దాకా వచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు ‘ఉంది’ ఒక్కటే మిగిలింది.

న్యూటన్ దగ్గర ఏరుకోవలసింది ఇది: వినేవాళ్లు రాకపోతే గోడలకే పాఠం చెప్పేవాడని ఆయన సహాయకుడు రాసిన మాట. ఏరుకోకూడనివి: 1689లో పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1696లో టంకశాల కొలువులో చేరి దొంగనాణేలవాళ్ల మీద స్వయంగా సాక్ష్యాలు సేకరించాడు, 1703 నుంచి పోయేదాకా రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఇలాంటివి కనబడితే పేజీ తిప్పెయ్యాలి. ఆయన జుట్టులో పాదరసం ఎక్కువ మోతాదులో దొరికిందన్న పేజీ కూడా, ఆ వింతలకి విషం కారణమంటారేమోనని.

ఇంగ్లండు శాస్త్రవేత్త కావెండిష్ దగ్గరికొస్తే సరుకు కాస్త నాణ్యమైనదే, ఒప్పుకోవాలి. 1798లో ఇంట్లో కూర్చుని భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని కొలిచిన మనిషి. ఇప్పటి లెక్క 5.51. పనిమనుషుల్లో ఆడవాళ్లు ఎదురుపడకుండా, రాత్రి భోజనానికి ఏం కావాలో చీటీ రాసి బల్లమీద పెట్టేవాడట. న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ 2001లో ఈయన గురించి రాసినప్పుడు చేతిలో ఆధారాలు బాగానే ఉన్నాయి. అయినా అదే కావెండిష్ రాయల్ సొసైటీ క్లబ్బు విందులకు క్రమం తప్పకుండా వెళ్లేవాడు. ఎందుకు వెళ్లేవాడో అడుగుదామంటే 1810లోనే పోయాడు.

మనవాళ్లమీద ఈ విద్య ప్రయోగించబోతే మొదట బెడిసికొట్టేది అవధాని దగ్గర. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అన్నీ వరసన పూరించి, చివర్న ధారణలో పద్యాలన్నీ పొల్లుపోకుండా అప్పజెబితే ‘ఆహా, అదే’ అనిపిస్తుంది. ఈలోగా అప్రస్తుత ప్రసంగి పక్కనుంచి ‘అవధానిగారూ, ఇంట్లో కూర మీరు కలుపుతారా, ఆవిడ కలుపుతారా?’ అని పుల్ల వేస్తాడు. అవధాని పద్యం ఆపకుండా వాణ్ని సభంతా నవ్వేలా దులిపేస్తాడు. కేసు అక్కడితో సరి. (ఆటిజం ఉన్నవాళ్లకి హాస్యం తెలియదన్నది కూడా ఈ శాస్త్రంవారి ఉత్పత్తే. గిట్టుబాటు కోసం తయారుచేశారు.) కాబట్టి ధారణ ఒక్కటీ కత్తిరించి, అప్రస్తుతాన్ని అప్రస్తుతమని వదిలెయ్యాలి.

అసలు డాక్టర్లు ఇంత తేలిక పనిని ఎందుకంత సాగదీస్తారో చూడండి. అమెరికన్ డయాగ్నొసిస్ పుస్తకం ప్రకారం మొదటి గుంపులో మూడు: మాటలో ఇచ్చిపుచ్చుకోవడం, చూపూ సైగా వాడటం, మనుషులతో సంబంధం కలుపుకోవడం. మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండో గుంపులో నాలుగు: చేసిందే చెయ్యడం, మార్పును తట్టుకోలేకపోవడం, ఒకే ఆసక్తిలో మునిగిపోవడం, శబ్దానికో వెలుగుకో స్పర్శకో అతిగానో మరీ తక్కువగానో స్పందించడం. వీటిలో కనీసం రెండుండాలి. ఇవి పసితనం నుంచే ఉండాలి. వీటివల్ల రోజువారీ బతుకు సాగడం కష్టమవుతూ ఉండాలి. మన శాస్త్రం ఇంత మూట మొయ్యదు. ‘ఒకే ఆసక్తి’ని పట్టుకుని మిగతాది గుమ్మంలో దించేస్తుంది.

పైగా డాక్టర్లు తల్లిని కూర్చోబెట్టి ఏడీఐ-ఆర్ అని 93 ప్రశ్నలు అడుగుతారు. గంటన్నర నుంచి రెండున్నర గంటలు. న్యూటన్ కేసులో ఆ తల్లి, కొడుక్కి మూడేళ్లప్పుడే మారుమనువాడి వాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లిపోయింది. తండ్రి, కొడుకు పుట్టక ముందే పోయాడు. రామానుజన్‌నీ ఈ జాబితాల్లోకి ఎక్కించారు. ఆయనతో కాపురం చేసిన జానకమ్మగారు 1994 దాకా ఉన్నారు. జాబితాలు ఊపందుకునేసరికి ఆమె లేరు.

మన దగ్గర ఆటిజానికి కొలబద్ద ‘ఐసా’. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థలో తయారైంది. 40 అంశాలు. ఒక్కోదానికి, అరుదుగా కనిపిస్తే 1, ఎప్పుడూ ఉంటే 5. మొత్తం 40 నుంచి 200 దాకా. 70 లోపైతే ఆటిజం కాదు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇందులో 39వ అంశం అసాధారణ జ్ఞాపకశక్తి. 40వది, అంటే అట్టడుగుది, ఏదో ఒక విద్యలో అబ్బురపరిచే ప్రతిభ. ఈ శాస్త్రం మొత్తం ఈ చివరి రెండు గడుల మీదే కాపురం చేస్తోంది. లెక్క కట్టి చూద్దాం. మేధావిగారికి ఆ రెండింటికీ నిండుగా అయిదేసి వేద్దాం, పది. మిగతా 38కీ ఒక్కొక్కటి, 38. మొత్తం 48. ఇంకా 22 మార్కులు తక్కువ. గ్రేస్ మార్కులు కలిపే ఏర్పాటు ఐసాలో లేదు.

ఆ మిగతా 38 గడుల్లో ఏముంటాయో చెబితే జాబితా చేసేవాళ్లకి రుచించదు: నొప్పి తెలియకపోవడం, కారణం లేకుండా ఉద్రేకపడటం, తనను తాను కొట్టుకోవడం, విన్నమాటే మళ్లీ మళ్లీ అనడం, కంటికి కన్ను కలపకపోవడం. వీటికి అయిదేసి పడ్డ పిల్లవాడి ఫొటో పక్కన ‘మీకు తెలుసా?’ అని రాసి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. వాడి వైకల్య ధ్రువపత్రానికి స్లాటు కోసం మీసేవలో నిలబడి, సదరం క్యాంపులో ఇంకో లైన్లో నిలబడేది వాడి అమ్మ.

స్వయంగా చెప్పుకున్నవాళ్ల సంగతి వేరు. ఎలాన్ మస్క్ 2021 మేలో టీవీ షోలో తనకి ఆస్పర్జర్స్ అన్నాడు, ఆ పేరు డయాగ్నొసిస్ పుస్తకంలోంచి 2013లోనే తీసేసినా. బిల్ గేట్స్ 2025లో, ఇప్పటి కాలంలో పెరిగితే తనను స్పెక్ట్రం మీదే చేర్చేవారేమో అని రాసుకున్నాడు. వాళ్ల తల, వాళ్ల మాట. మన శాస్త్రానికి ఇలాంటి కేసులంటే చిన్నచూపు. కనిపెట్టడానికేమీ మిగల్లేదు కదా.

ఈ శాస్త్రం మనకి చేసిన అతి పెద్ద ఉపకారం మాత్రం ఐన్‌స్టీన్ మాత్ర. మోతాదు ఇలా. ఇంట్లో బుజ్జిగాడికి పదహారు నెలలు, ఒక్క మాటా లేదు. ‘మగపిల్లలకి కాస్త లేటు’ అంటుంది నానమ్మ. రెండేళ్లు, రెండు మాటలు కలిపి అనడు, పేరుపెట్టి పిలిస్తే తిరగడు, కావలసింది వేలు పెట్టి చూపించకుండా అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ మీద పెడతాడు. ‘వాళ్ల చినమావయ్య నాలుగేళ్లకి మాట్లాడాడు, ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు’ అంటాడు పెదనాన్న. అప్పుడు నానమ్మ వసకొమ్మును ఆముదం దీపంలో కాల్చి, సానమీద తేనెతో అరగదీసి నాలుకకి రాస్తుంది, వీడూ వసపిట్టలా వాగాలని. ఇంత జరిగినా అమ్మకి దిగులు తీరకపోతే, ఫోనులోంచి మాత్ర తీస్తారు: ‘ఐన్‌స్టీన్ కూడా మూడేళ్లదాకా మాట్లాడలేదటమ్మా. జీనియస్‌లు అంతే.’

ఆ దెబ్బకి, ఆటిజం అనుమానం ఉందో లేదో చెప్పే ఎంచాట్ అనే 20 ప్రశ్నల కాగితం ఎవరూ తియ్యరు. పదహారు నుంచి ముప్ఫై నెలల లోపు పిల్లలకోసమే అది. అయిదు నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు. గదిలో అటువైపు ఏదైనా వేలెత్తి చూపిస్తే వాడు అటు చూస్తాడా, తనకి నచ్చింది నీకు తెచ్చి చూపిస్తాడా, అంతే. మూడు మార్కులు వచ్చాయంటే ఇంకోసారి వివరంగా అడగాలి, ఎనిమిదో ఆపైనో వస్తే నేరుగా డాక్టరు దగ్గరికి. ముప్ఫై నెలలు నిండాక ఆ కాగితం పనికిరాదు. స్పీచ్ థెరపీకి మాత్రం ముందు మొదలైన ప్రతి నెలా పనికొస్తుంది.

పెదనాన్నకి ఒక్క సంగతి చేరవెయ్యాలి. చెల్లెలు మాయా పుట్టినప్పుడు, ఆడుకోవడానికి కొత్త పాప వచ్చిందని చెబితే, ఐన్‌స్టీన్ దాన్ని బొమ్మ అనుకుని, ‘మరి దీని చక్రాలేవీ?’ అని అడిగాడట. ఆ చెల్లెలే తర్వాత రాసింది. ఆవిడ పుట్టింది 1881 నవంబరులో, ఆయన 1879 మార్చిలో. అంటే ఆ ప్రశ్న అడిగేనాటికి ఆయనకి రెండేళ్ల ఎనిమిది నెలలు.

బుజ్జిగాడికి మొన్ననే మూడు నిండాయి. వసకొమ్ము అరిగిపోయింది, పచారీ కొట్లో ఇంకోటి చెప్పారు.