లింకర్ ఊరుకుంది, ప్రోగ్రామ్ కూలింది

రెండు లైబ్రరీలు (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) మూడో లైబ్రరీ మీద ఆధారపడటం మామూలే. ఆ మూడోదాన్ని చెరో వెర్షన్‌లో తెచ్చుకుంటేనే చిక్కు. విడివిడిగా రెండూ కంపైల్ అవుతాయి, టెస్టులూ పాసవుతాయి. ఒకే ప్రోగ్రామ్‌లో కలిపాక అది కూలుతుంది. అందరూ ఈ కోడ్ ముక్కలన్నిటినీ కలిపే లింకర్ మీద పడతారు. నా లెక్కలో చాలావరకు తప్పు లైబ్రరీ రాసినవాళ్లదే.

ఉదాహరణకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, నెట్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ. 2016 ఆగస్టులో దాని 1.1.0 వెర్షన్ వచ్చింది. అంతవరకు హెడర్ ఫైళ్లలో బాహాటంగా కనిపించిన స్ట్రక్చర్లను, అంటే డేటాను మెమరీలో పేర్చే నమూనాలను, చాలావాటిని అందులో దాచేశారు. లోపలి ఫీల్డులను నేరుగా తాకే పాత కోడ్ ఇక కంపైల్ కాదు. మంచి మార్పే. కానీ దాన్ని వాడుకునే ప్యాకేజీలన్నీ ఒక్కసారిగా మారడం అయ్యే పని కాదు. అందుకే 2017లో విడుదలైన డెబియన్ 9 అనే లినక్స్ సిస్టమ్‌లో 1.0.2నీ 1.1నీ పక్కపక్కనే ఉంచాల్సి వచ్చింది.

ఆ రెండూ ఒకే ప్రాసెస్‌లోకి వస్తే? లినక్స్‌లో, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లైబ్రరీలను కలిపే డైనమిక్ లింకర్ మామూలుగా లోడ్ వరసలో ముందు కనిపించిన పేరునే పట్టుకుంటుంది. కొత్త ఫంక్షన్‌ను పిలవాల్సిన లైబ్రరీ పాతదాన్ని పిలిచేయొచ్చు, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. దీనికి విరుగుడు సింబల్ వెర్షనింగ్. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు పెట్టి పిలిచినట్టు, ప్రతి సింబల్‌కూ, అంటే లైబ్రరీ బయటికిచ్చే ప్రతి పేరుకూ, వెర్షన్ ముద్ర వేస్తారు.

పేర్ల గొడవ దాంతో తీరుతుంది. డేటా గొడవ తీరదు. నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే లైబ్రరీ లిబ్‌కర్ల్‌నే చూడండి. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) సెట్టింగులు మార్చుకోవాలనుకునే అప్లికేషన్ ఒక కాల్‌బ్యాక్ (లిబ్‌కర్ల్ తిరిగి పిలిచే ఫంక్షన్) ఇస్తే, లిబ్‌కర్ల్ తన దగ్గరున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ (ఆ సెట్టింగులున్న వస్తువు) పాయింటర్‌ను, అంటే దాని మెమరీ చిరునామాను, ఆ ఫంక్షన్ చేతిలో పెడుతుంది. లిబ్‌కర్ల్ 1.0.2తో, అప్లికేషన్ 1.1తో లింక్ అయ్యాయనుకోండి. పాత పద్ధతిలో మెమరీలో పేర్చిన వస్తువును కొత్త ఫంక్షన్లు తవ్వడం మొదలుపెడతాయి. పైగా ఆ పాయింటర్ టైపు వట్టి వాయిడ్ స్టార్ (అక్కడ ఏముందో చెప్పని టైపు), కాబట్టి కంపైలర్ కూడా కిమ్మనదు. డెబియన్ తర్వాత కర్ల్‌ను 1.1కు మార్చినప్పుడు ప్యాకేజీ పేరునే లిబ్‌కర్ల్3 నుంచి లిబ్‌కర్ల్4కు మార్చింది. దాన్ని వాడేవన్నీ మళ్లీ బిల్డ్ చేయక తప్పలేదు. ప్యాకేజీలు చూసుకునేవాళ్లకు టెన్షనే, అయినా అదే సరైన పని.

రస్ట్ భాషలో ఈ బాధ తక్కువ. ఒకే క్రేట్ (రస్ట్‌లో లైబ్రరీ) రెండు వెర్షన్లు లోపలికొచ్చినా, ఒకదాని టైపును ఇంకోదానికి ఇవ్వబోతే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. సీ భాషకు ఆ భాగ్యం లేదు.

‘ఎందుకొచ్చిన గొడవ, స్టాటిక్‌గా లోపలే కలిపేసుకుంటే పోలా?’ అంటారు కొందరు, అంటే లైబ్రరీ కాపీని ప్రోగ్రామ్ ఫైల్లోనే కలిపేయడం. సింబల్స్ బయటికి కనిపించకుండా దాచకపోతే అదే గొడవ దొడ్డిదారిన వస్తుంది. దాచినా సెక్యూరిటీ సంగతి మిగులుతుంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు, షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లన్నీ పంచుకునే ఒకే కాపీ) వాడిన సర్వర్లలో ఆ ఒక్క ప్యాకేజీ అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే ఆ రంధ్రం పూడింది. లోపల కలిపేసుకున్న ప్రోగ్రామ్‌లను ఒక్కొక్కటిగా వెతికి బిల్డ్ చేయాలి. అసలు ఎందులో ఏ కాపీ ఉందో ముందు తెలియాలి కదా!

అందుకే లైబ్రరీ రాసేవాళ్లను అడగాల్సింది ఒకటుంది. ఇంకో లైబ్రరీ టైపు మీ ఇంటర్‌ఫేస్‌లోంచి బయటికొస్తోందా? వస్తుంటే దాని వెర్షన్ కూడా మీ ఏబీఐలో (కంపైల్ అయిన కోడ్‌ల మధ్య ఒప్పందంలో) భాగమే, అది మారితే మీ సోనేమ్ (లైబ్రరీ ఫైల్లో రాసుండే, వెర్షన్ కలిసిన పేరు) కూడా మారాలి. రాకపోతే ఆ సింబల్స్ దాచండి, సిస్టమ్‌లో ఉన్న కాపీతో బిల్డ్ చేసుకునే ఆప్షన్ మాత్రం తీసేయకండి. ఏ వెర్షన్ వాడాలో చివర్లో ప్రోగ్రామ్‌ను కూర్చేవాళ్లు తేల్చుకుంటారు.